కన్ను కొట్టే ఉలి

నేను ఒక ఉలిని. అరచేతిలో దాక్కునేంత ఉంటాను. మూతి గుండ్రం, నోరు మాత్రం కాస్త పదును. విరిగిన బండి సీలను కాల్చి, సాగదీసి ఒక కమ్మరి నన్ను చేశాడు. తీసుకుపోయింది అనంతపురం వైపు తోలుబొమ్మలాట ఆడే ఒక ఇంటివాళ్ళు. నాకు అప్పగించిన పని ఒక్కటే, బొమ్మకు కంటిపాప తొలచడం. మేకతోలు మీద మనిషిని గీసి, నగలకు చిల్లులు పొడిచి, రంగులు వేసి, అంతా అయ్యాక పడే చివరి దెబ్బ నాది. ఆ ఇంట్లో దాన్ని 'కన్ను కొట్టడం' అంటారు.

ఆ ఇంటి పిల్ల అంబక్క బడికి వెళ్ళిన కొత్తలో, మీ నాన్న ఏం చేస్తాడని టీచరమ్మ అడిగితే "మా నాయన కన్ను కొడతాడు" అని గర్వంగా చెప్పిందట. క్లాసంతా పడీపడీ నవ్వింది. ఇంటికొచ్చి ఏడుస్తుంటే తండ్రి ఖండేరావు కూడా నవ్వాడు, తల్లి సక్కుబాయీ నవ్వింది. ఆ ఏడే సక్కుబాయి జ్వరంతో పోయింది. ఆ ఇంట్లో నవ్వు కూడా ఆవిడతోనే పోయింది.

తర్వాత ఖండేరావు ఒక మండోదరిని చేశాడు. ముక్కు సక్కుబాయిది, మెడవంపు సక్కుబాయిది. అంతా అయ్యాక నన్ను కంటి మీద ఆనించి సుత్తి ఎత్తాడు. ఎత్తిన చేతిని అట్లాగే దించేశాడు. కన్ను తెరిచిన బొమ్మ ఆడి తీరాలి. ఆడితే అరుగుతుంది. అరిగిన బొమ్మకు పసుపు కుంకుమలు పెట్టి ఏట్లో వదిలేయాలి. అది వాళ్ళ ఆచారం. ఒకసారి సాగనంపిన మనిషిని మళ్ళీ సాగనంపే ధైర్యం పాపం అతనికి లేకపోయింది. మండోదరి గోడకు వేలాడుతూ ఉండిపోయింది. వెనక దీపం పెడితే ఒళ్ళంతా వెలుగు చుక్కలే, కంటి దగ్గర మాత్రం చీకటి. మనుషుల సంగతి నాకు అంతుపట్టదు. చూసుకోవడానికే చేసుకుంటారు, అది తమను చూస్తుందేమోనని హడలిపోతారు.

అంబక్క పెరిగింది. తోలు నానబెట్టి గీకడం, బొమ్మ గీయడం, రంగు కలపడం అన్నీ తండ్రి దగ్గరే నేర్చింది. కన్ను ఒక్కటే అతను నేర్పలేదు. నేర్చుకునేవాళ్ళు మొదటి కన్ను, నేర్పినవాళ్ళు చేసిన బొమ్మకే కొట్టాలి. ఆ మాట ఎత్తితే గోడ మీది మండోదరి గుర్తొచ్చి, ఇవాళ, రేపు అని తప్పించుకుంటూ వచ్చాడు. ఈలోగా చేతులకు వణుకు పట్టుకుంది. ఒక సీతమ్మకు కన్ను కొట్టబోతే నేను జారి బుగ్గన పడ్డాను. బంగారంలాంటి బొమ్మ పాడైపోయింది. ఇక అతను కొత్త బొమ్మ చేయలేడు. అతని చేతి బొమ్మల్లో కన్ను లేనిది ఇంట్లో ఆ మండోదరి ఒక్కటే మిగిలింది.

"ఈ కన్ను కొట్టే ఇద్దె నీతోనే పోనిస్తావా నాయనా?" అంది అంబక్క. "అమ్మ సూపు ఎట్లుంటాదో నేను మర్సిపోయినా. నీకైనా గుర్తుండాది. నాకేముండాది?"

ఖండేరావు లేచి మండోదరిని దించి దిమ్మ మీద పరిచాడు.

"ఊపిరి బిగబట్టొద్దు పాపా. ఇడ్సిపెట్టి కొట్టు. రెండో దెబ్బ లేదు ఈడ. తప్పితే తప్పినట్టే. అది తెలిసే కొట్టాల."

నన్ను పట్టుకున్న వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆమె ఊపిరి వదిలింది, కొట్టింది. గింజంత తోలుముక్క ఊడి నా నోట్లో చిక్కుకుంది. ఎన్నో కళ్ళు తెరిచాను గానీ, నాకు భయం వేసింది ఆ ఒక్కసారే. ఖండేరావు అప్పటికే ముఖం తిప్పుకున్నాడు.

ఆ వారమే పక్క ఊరి బడి ఆవరణలో సాయంత్రం ఆట పెట్టారు. బుద్ధెరిగినప్పటి నుంచి తెర వెనకే నిలబడిన ఖండేరావు, ఆ రోజు తెర ముందుకు పోయి జనంలో కూర్చున్నాడు. అంబక్క నన్ను రొంటిన దోపుకుని మండోదరిని చేతికి తీసుకుంది. రావణుడు కూలాడు. మండోదరి తెర మీదికి వచ్చింది, కంట్లో వెలుగు నిలిచింది.

"నన్నొంటిదాన్ని చేసి యాడికి పోయినావు సామీ?" అని అంబక్క గొంతెత్తి ఏడ్చింది. అది అచ్చం వాళ్ళమ్మ గొంతే.

తెర అవతలి నుంచి జవాబు వచ్చింది.

"యాడికీ పోలేదు సక్కూ. ఈడనే ఉండా."

అదీ ఆటలో భాగమేననుకుని జనం నవ్వారు. హార్మోనియం ఆగిపోయింది. మండోదరి తెర దిగిపోవలసిన చోట అది. అంబక్క దించలేదు. చేతులు పడిపోయేదాకా ఆ బొమ్మను తెరకు ఆనించి, అట్లాగే పట్టుకుని నిలబడింది.