అక్క చెవిలో పాట

అక్కకు ఆ ఇయర్ పీసులంటే పంచప్రాణాలు. ఆర్కెస్ట్రాలో అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు, ఆమెకంటే వయసులో పెద్దవాడైన డ్రమ్ము ఆయనతో సహా. నిజంగా అలా పిలిచే హక్కున్నది కోరస్ పాడే సొంత చెల్లెలికి. ఆవిడే ఈ మధ్య పిలవడం తగ్గించింది. కీబోర్డు వాయిస్తూ, ఎవరి గొంతు ఎక్కడ ఎంత వినపడాలో సర్దే మిక్సర్ కూడా పక్కనే పెట్టుకుని చూసుకునే అక్క భర్త అందరికీ మాస్టారు. హోటళ్లలో, చిన్న హాళ్లలో, ఆఫీసువాళ్ల వీడ్కోలు సభల్లో, భోంచేసేవాళ్ల ముందు పాడే బృందం వాళ్లది.

ఇయర్ పీసులు రాకముందు అక్క పాట్లు దేవుడికెరుక. మంచమంత స్టేజీ, చేయి చాపితే డ్రమ్ములు. కాళ్ల దగ్గర పెట్టిన మానిటర్ స్పీకరు ఎంత పెంచినా తన గొంతు తనకు వినపడేది కాదు. వినపడక అరిచేది. అరిచి అరిచి గొంతు ఒరుసుకుపోయింది. పై స్థాయికి వెళ్లేసరికి రెండుగా చీలేది. ఒక సభలో ముందు బల్ల దగ్గరవాళ్లు మొహమొహాలు చూసుకుని నవ్వుకోవడం ఆమె కళ్లారా చూసింది. ఇంటికొచ్చి చీరైనా మార్చుకోకుండా మంచం అంచున కూర్చుని, ఇక పాడనంది. కొన్నాళ్లకి మాస్టారు నడుముకు తగిలించుకునే చిన్న డబ్బా, దాన్నుంచి చెవుల్లోకి వెళ్లే సన్నటి తీగలు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

మొదటిసారి పెట్టుకుని పాడినప్పుడు అక్క ఏడ్చినంత పని చేసింది. డ్రమ్ముల మోత ఎటు పోయిందో పోయింది. తన గొంతు, దాని వెనకాల కాస్త ప్రతిధ్వని, కింద మెత్తగా కీబోర్డు. పై స్థాయిలో గొంతు కాస్త వణికినా ఆ ప్రతిధ్వని చీర కుచ్చిళ్లు సర్దినట్టు సర్దేసేది. కనిపించిన ప్రతి గాయనికీ కొనుక్కోమని చెప్పింది. గొంతుకి మందులూ మాకులూ ఎందుకు దండగ, ఇది ఉండగా అనేది. మెషిన్ని నమ్మినవాళ్లున్నారు, మొగుణ్ణి నమ్మినవాళ్లున్నారు. అక్క రెండింటినీ ఒకేసారి నమ్మింది.

మాస్టారు కూడా మునుపటి మాస్టారు కాదు. సభలో మాటలు నేను చెప్తాను, నువ్వు గొంతు దాచుకో అన్నాడు. ప్రతి పాటా చెల్లెలు నీతోపాటే పాడుతుంది, నిండుగా ఉంటుంది అన్నాడు. తన చెవిలో చెల్లెలి గొంతు అడ్డొస్తోందని అక్క అంటే వెంటనే తగ్గించేశాడు. పాట అయిపోగానే ఆమె చెవికి మాత్రమే వినపడే మైకులో మెల్లగా మెచ్చుకునేవాడు. పెళ్లయిన కొత్తలో కూడా ఆయన ఇంత క్రమం తప్పకుండా మెచ్చుకున్న పాపాన పోలేదు. ఒక్క విషయంలోనే గట్టిగా ఉండేవాడు.

“పాట మధ్యలో ఒక చెవిది తియ్యకు. తీస్తే రెండో చెవిలో సౌండు పెంచుకుంటావు, ఉన్న వినికిడి కాస్తా పోతుంది. నా మాట విను.”

అందులో అబద్ధమేమీ లేదు. ఆ పని తెలిసినవాళ్లెవరైనా చెప్పే మాటే అది. తన చెవుల గురించి ఇంత బెంగపడే భర్త ఎవరికుంటాడని అక్క మురిసిపోయింది.

ఆ మధ్యాహ్నం ఒక హోటల్లో ఎవరో పెద్ద ఆఫీసరు ఉద్యోగ విరమణ. పాట మధ్యలో వాద్యాలు మోగుతుండగా, ముందు వరసలోంచి ఒక పెద్దావిడ లేచి స్టేజీ అంచుకొచ్చి అక్క చేయి పట్టుకుంది. ఏదో అంటోంది. పెద్దావిడను కాదనలేక అక్క ఒక చెవిది తీసి వంగింది.

“నిన్ను చాలా ఏళ్ల కిందట విన్నానమ్మా. అప్పటికంటే ఇప్పుడే నీ గొంతు లేతగా ఉంది.”

అక్క మొహం చాటంతైంది. అంతలో చరణం రానే వచ్చింది. తీసిన తీగ భుజం మీద వేలాడుతుండగానే అందుకుంది.

మూసిన చెవిలో ఆమె గొంతు ఎప్పటిలాగే తీయగా ఉంది. తెరిచిన చెవిలోకి హాలు వచ్చింది. స్పూన్ల చప్పుడు, కుర్చీలు జరిపే చప్పుడు, వాటన్నిటి మీదుగా పెద్ద స్పీకర్లలోంచి పాట. ఆ పాడుతున్న గొంతు చెల్లెలిది. చెల్లెలిది తప్ప ఇంకో గొంతు లేదు. అక్క మైకు దగ్గరికి లాక్కుని ఇంకాస్త గట్టిగా పాడింది. హాల్లో ఏ తేడా రాలేదు. అప్పుడామె పాడటం మానేసి పెదాలు మాత్రం కదిపింది. అప్పుడూ తేడా రాలేదు. పెద్దావిడ ఆమెనే చూస్తూ తల ఊపుతోంది.

చెల్లెలు చివ్వున తలెత్తింది. అక్క ఊపిరి తీసినచోటే తనూ తీయాలి కాబట్టి ఆమె పెట్టుకున్న ఇయర్ పీసుల్లో మాత్రం అక్క గొంతు ఎప్పుడూ ఉండేది. అది ఆగిపోయిందని ఆమెకి తెలిసింది. తెలిసినా పాట ఆపలేదు. చరణం పూర్తి చేసి, పై స్థాయిని చీలకుండా అందుకుని, పల్లవికి తిరిగొచ్చి ముగించింది. చప్పట్లు మోగాయి. అందరూ అక్కకేసి చూస్తూ కొట్టారు.

ఏం చేస్తోందో తెలియకుండానే అక్క తీసిన దాన్ని మళ్లీ చెవిలో పెట్టుకుంది. చప్పట్లు మాయమయ్యాయి. వాటి చోట మాస్టారి గొంతు వచ్చింది.

“చివరి చరణం అదరగొట్టావు. ఇవాళ గొంతు భలే ఉంది.”

హాలుకు వినపడకుండా చేశాడు, సరే. పరువు కాపాడుదామనుకున్నాడేమో, అదీ సరే. ఆయన మాత్రం వింటున్నాడనుకుంది. ఇన్నాళ్లూ తను పాడిన ప్రతి పాటా కనీసం ఒక్క మనిషి విన్నాడనుకుంది.

అక్క మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

“నేను పాడలేదండీ,” అంది.

ఆ మాట హాల్లోకి వెళ్లలేదు. మాస్టారి దాకానూ వెళ్లలేదు. ఆయన తర్వాతి పాటకి మీటలు సర్దుకుంటున్నాడు. ప్రతిధ్వని కలుపుకుని ఎంతో తీయగా తిరిగి ఆమె చెవుల్లోకే వచ్చింది. విన్నది ఇంకొక్క చెల్లెలే. ఆవిడ కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, “అక్కా,” అంది. అది మైకులో కాదు. పెదాల కదలికను బట్టి అక్క గుర్తుపట్టింది. ఈలోగా మాస్టారు తాళం లెక్క అందించాడు, డ్రమ్ములు మొదలయ్యాయి, చెల్లెలు మొహం పక్కకి తిప్పుకుని పల్లవి ఎత్తుకుంది.

అక్క రెండు చెవులవీ తీసేసింది. మైకు స్టాండుకి తగిలించి, స్టేజీ మధ్యలో చేతులు కట్టుకుని నిలబడి చెల్లెలి పాట వింది. బాగా పాడుతోంది ముండ, ఎంత బాగా పాడుతోందో. తను నేర్పిన గమకాలే అన్నీ.

పెద్దావిడకి ఏం అర్థం కాలేదు. మధ్యలో నిలబడ్డావిడ నోరు మూసుకునే ఉంది, పాట మాత్రం వస్తోంది. బల్లల దగ్గర ఒకరిద్దరు తినడం ఆపి తలలు తిప్పారు.

అప్పుడు చూశాడు మాస్టారు. కంగారుగా ఒక చేత్తో వాయిస్తూనే, రెండో చెయ్యెత్తి తన చెవిని తట్టి చూపించాడు, పెట్టుకో పెట్టుకో అని. ఇన్నాళ్లూ చూపించినట్టే, అంతే ప్రేమగా.