ఊరంతటికీ ఒకటే చక్రాల కుర్చీ

"అమ్మా, మీకు ఇప్పటికే మూడు కరెంటు కుర్చీలు ఇచ్చాం. నాలుగోది ఎలా ఇస్తాం?" అంది ఫోన్లో సర్కారు బీమా ఆఫీసు అమ్మాయి.

సెరఫీనా వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. దానికి కరెంటు లేదు, చక్రాలు లేవు, ఒక కాలు కూడా సరిగ్గా లేదు. కాలు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి, ఆ అమ్మాయి రికార్డులోంచి ఇంకో ముక్క కూడా చదివి వినిపించింది. మూడు కుర్చీలతో పాటు సెరఫీనాకు ఒక కృత్రిమ ఎడమకాలు కూడా ముట్టిందట. సెరఫీనా గౌను కాస్త పైకి లాగి చూసుకుంది. రెండు కాళ్ళూ పుట్టుకతో వచ్చినవే. వాచాయి గాని సొంతవే.

అమెరికాలో కరెంటు కుర్చీ అంటే ఒకప్పుడు ఉరికి బదులు ప్రాణం తీసేది. సెరఫీనా అడిగింది ప్రాణం లేచొచ్చేది. బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీ అన్నమాట. బట్టల ఫ్యాక్టరీలో మిషను తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంటికి నాలుగు వీధుల అవతల బేకరీ గోడకి కాఫీ కిటికీ ఒకటుంది. మయామి పక్కనున్న ఈ హయలీయాలో జనమంతా పొద్దున్నే దాని ముందు నిలబడి, చిట్టి గ్లాసుల్లో నల్లటి తియ్యటి కాఫీ తాగుతూ లోకాన్ని ఉతికి ఆరేస్తారు. ఒకప్పుడు ఆ కిటికీ ముందు సెరఫీనాదే రాజ్యం. ఇప్పుడు కబుర్లు మొగుడు ఎవేలియో మోసుకొస్తున్నాడు. అతను తెచ్చే కబురు ఇంటికి చేరేసరికి పంచదార వేయని కాఫీలా ఉంటోంది. ఎవరు ఎవరితో లేచిపోయారో చెబుతాడు, ఎందుకో అడగడం మరిచిపోతాడు. ఆ కిటికీ దగ్గరకి తనంతట తాను వెళ్ళాలి. సెరఫీనాకు లోకంలో మిగిలిన కోరిక అదొక్కటే.

ఫోను పెట్టేసి వంటింటి వైపు చూసింది. ఎవేలియో గిన్నెలో పంచదారా కాఫీ చుక్కలూ వేసి నురగ వచ్చేలా గిలక్కొడుతున్నాడు. చెంచా చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను తప్పు చేసినప్పుడే ఆ చెంచా ఆగేది.

"నా బీమా కార్డు ఎవరికిచ్చావు, ముసలోడా?"

ఎవేలియో నసిగాడు. యోస్వానీ రోగులకి కుర్చీలూ కృత్రిమ కాళ్ళూ కూడా ఇచ్చే మందుల కొట్టు తెరిచిన రోజున, బోణీ మంచి చేత్తో జరగాలని బతిమాలాడట. ఎవేలియో ఆ కుర్రాడికి జ్ఞానస్నానపు తండ్రి. గుళ్ళో నీళ్ళు పోస్తుంటే తల పట్టుకున్నవాడు కార్డు నంబరు దగ్గర చెయ్యి ముడుచుకుంటే బావుంటుందా? అందుకని భార్య కార్డు ఇచ్చాడు. తనది ఎందుకివ్వలేదంటే, తన కార్డు ఎప్పుడో పోయిందట. స్నానమైతే చేయించాడు గాని, ఇద్దరిలో ఒక్కడికీ జ్ఞానం అంటలేదు.

"వాడేమీ ఊరికే తీసుకోలేదు. క్రిస్మస్ ముందు రాత్రికి పంది కాలు పంపాడు కదా, నువ్వే కదా నారింజ పులుసులో నానబెట్టావు. నువ్వూ తిన్నావు."

తిన్న మాట నిజమే. సెరఫీనా రెండోసారి వడ్డించుకుంది కూడా. మోసం ముందు మాంసంగా ఇంట్లోకొచ్చి, ఉల్లిపాయలతో సహా కడుపులోకి పోయింది.

ఈ ఊళ్ళో ఈ మోసాల పంట ఇంత ఏపుగా ఎందుకు పెరుగుతోందో ఆమెకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. సముద్రం అవతల పుట్టిన ద్వీపంలో ఉన్నప్పుడు, రేషన్ రోజుల్లో, తనూ ఫ్యాక్టరీ నుంచి దారపుండలు జాకెట్లో దోపుకుని వచ్చింది. హోటల్లో చేసేవాడు నూనె తెచ్చేవాడు, ఆస్పత్రిలో చేసేవాడు దూది తెచ్చేవాడు. దాన్నెవరూ దొంగతనం అనలేదు, సర్దుకోవడం అన్నారు. సర్కారుది సర్దుకుంటే ఏడ్చేదెవరు? సముద్రం దాటేటప్పుడు అందరూ సామాన్లు వదిలేశారు, అలవాటు మాత్రం వెంట తెచ్చుకున్నారు. ఇక్కడేమో ముసలాళ్ళు పెరటి మామిడికాయల్లా కొల్లలు, ప్రతి ముసలాడి జేబులో ఒక బీమా కార్డు. ఆ నంబరు మీద వస్తువు ఇచ్చినట్టు బిల్లు రాస్తే సర్కారు ముందు డబ్బిస్తుంది, తర్వాత తీరిగ్గా ప్రశ్నలడుగుతుంది. ఆ మధ్యలో దొరికే వ్యవధిలోనే వీధి వీధంతా ఇలాంటి కొట్ల బోర్డులు లేచాయి. పోనీ ఫిర్యాదు చేద్దామంటే, ప్రతి కొట్టువాడూ ఎవరికో మేనల్లుడు, ఎవరికో అల్లుడు. చట్టం వచ్చినప్పుడల్లా ఒక చుట్టం అడ్డం నిలబడతాడు. మొన్నటిదాకా సెరఫీనా కూడా అలాంటి చుట్టమే. పక్కింటావిడకి రాని నెబ్యులైజర్, అదే ఆయాసం మిషను, వచ్చినట్టు కాగితాల్లో ఉందంటే పడీ పడీ నవ్వింది. ఇప్పుడు తన కుర్చీ దగ్గరకొచ్చేసరికి నవ్వు రాలేదు.

కబురు పంపితే యోస్వానీ మధ్యాహ్నానికే వచ్చాడు, జామపండు గుజ్జు నింపిన పఫ్‌ల డబ్బాతో. మెళ్ళో గొలుసు, కళ్ళల్లో మెరుపు, ముద్దొచ్చే దొంగ. సెరఫీనా బుగ్గ మీద ముద్దు పెట్టి, మద్రీనా అని పిలిచాడు. జ్ఞానస్నానపు తండ్రి పెళ్ళాం ఆ లెక్కన తల్లే కదా.

"నా మూడు కుర్చీల్లో ఒకటి తెచ్చి పారెయ్, నాయనా. మిగతా రెండిటి మీదా నువ్వే ఊరేగు."

వాడు పకపకా నవ్వాడు. ఎక్కడి మూడు, మద్రీనా, అన్నాడు. ఆ వరసలో కొట్లన్నిటికీ కలిపి ఉన్న కుర్చీ ఒక్కటేనట. బీమా ఇన్‌స్పెక్టర్ ఏ కొట్టుకొస్తే అది ఆ కొట్లో ఉంటుంది. చూసి ముందు గుమ్మంలోంచి వెళ్ళగానే వెనక గుమ్మంలోంచి పక్క కొట్టుకి పోతుంది. కజిన్లందరూ కలిసి కొన్నారు, వంతులవారీగా బ్యాటరీ చార్జి పెడతారు. చక్రం తిప్పడం అంటే ఇదే అనుకుంది సెరఫీనా. లోలోపల ఆమెకు ఒళ్ళు మండిపోతోంది, అబ్బురంగానూ ఉంది.

అంతలో వాడే అసలు మాట బయటపెట్టాడు. గురువారం తన కొట్టుకి ఇన్‌స్పెక్షన్. కుర్చీ ఉంది, దాంట్లో కూర్చునే రోగి కావాలి. మద్రీనా పేరైతే కాగితాల్లో ఎలాగూ ఉంది. కాసేపు కూర్చుంటే చాలు. ఎడమకాలు కనపడకుండా దుప్పటి తనే తెస్తాడు.

"మయామి ఎండలో దుప్పటా?" అన్నాడు ఎవేలియో.

"కూర్చుంటాను," అంది సెరఫీనా. ఇంకో పఫ్ తీసుకుంది. పెళ్ళికి కూడా తన భార్య ఇంత తొందరగా ఒప్పుకోలేదని ఎవేలియోకి గుర్తుంది.

గురువారం పొద్దున యోస్వానీ కొట్టుకి కుర్చీ బేకరీ వ్యానులో వచ్చింది, టేబుల్‌క్లాత్ కప్పుకుని, నూనెలో వేయించిన క్రోకెట్ల వాసన వేస్తూ. ఎర్రటి కుర్చీ. సీటు మెత్తగా, కుడి చేతి దగ్గర చిన్న కర్ర. దాన్ని ముందుకు నొక్కితే ముందుకు పోతుందట. పక్కన ఎవేలియో నిలబడి చూస్తుండగా సెరఫీనా కూర్చుంది. వేలు పెట్టి చూసింది. కుర్చీ పిల్లిలా గుర్రుమంది. ఆమె గుండె అంతకంటే గట్టిగా కొట్టుకుంది. ఆ క్షణంలో ఆమెకు అర్థమైంది, ఇక ఇందులోంచి తనని క్రేనుతో లేపినా లేవదని.

యోస్వానీ దుప్పటి కప్పాడు. సెరఫీనాకు చెమటలు కారుతుండగా ఇన్‌స్పెక్టరమ్మ లోపలికొచ్చింది. బక్కపలచటి మనిషి, స్పానిష్ చక్కగా మాట్లాడుతుంది, దేన్నీ రెండుసార్లు చూడదు, ఒక్కసారే ఎక్కువసేపు చూస్తుంది. గోడలు చూసింది, ఖాళీ అరలు చూసింది, చివరికి సెరఫీనా దగ్గర ఆగింది.

"ఈ కుర్చీ మీదేనా, అమ్మా?"

యోస్వానీ ఆత్రంగా తలూపాడు. అవును, మద్రీనాదే, ఆమె పేరు మీదే ఇచ్చామని ప్రమాణం చేశాడు.

"విన్నారుగా, నాదే," అంది సెరఫీనా. "మీ కంప్యూటర్లో కూడా నాదనే ఉంది. ఎలా నడుస్తుందో చూపిస్తాను, తలుపు కాస్త పట్టుకోండమ్మా."

ఇన్‌స్పెక్టరమ్మ తలుపు పట్టుకుంది. మర్యాదస్తురాలు మరి. సెరఫీనా కర్ర ముందుకు నొక్కింది.

కుర్చీ గుమ్మం దాటింది, పార్కింగ్ స్థలం దాటింది, కాలిబాట ఎక్కింది. వెనక యోస్వానీ గుమ్మం దాకా ఉరికాడు. ఏమని అరుస్తాడు? అది ఆమెది కాదంటే తాను దొంగ. ఆమెదే అంటే కుర్చీ ఇక పోయినట్టే. పక్క కొట్లో వాడి కజిన్ యుస్నియెల్ వెనక గుమ్మం తెరిచిపెట్టుకుని కుర్చీ కోసం ఎదురుచూస్తున్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ తర్వాత వచ్చేది అక్కడికే. వాడు వీధిలోకి పరుగెత్తుకొచ్చి, ఆగమని సైగ చేశాడు. సెరఫీనా వాడికి పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికూతురిలా చెయ్యి ఊపింది. యుస్నియెల్ వెనక్కి పరుగెత్తి, గుండ్రంగా తిరిగే ఆఫీసు కుర్చీని ముందుకి లాగి, తన అత్తగారిని దాంట్లో కూర్చోబెట్టాడని తర్వాత తెలిసింది. ఆవిడ తిరుగుతూనే ఉందట.

రెండో వీధి మలుపులో దుప్పటి చక్రంలో చుట్టుకుంది. సెరఫీనా దాన్ని పీకి అవతల పారేసింది. రెండు కాళ్ళూ, చెప్పులతో సహా, ఎండలో తళతళలాడాయి. వెనక ఎవేలియో, అతని వెనక యోస్వానీ, వాడి వెనక ఇన్‌స్పెక్టరమ్మ. బార్బరు షాపులోంచి సబ్బు నురగతో ఇద్దరు బయటకొచ్చి ఈ ఊరేగింపు ఏ పునీతుడిదని అడిగారు.

కాఫీ కిటికీ ముందు జనం రెండుగా చీలి దారిచ్చారు. లోపలి పిల్ల సెరఫీనాను చూసి, ఎన్నాళ్ళకి, ఎన్నాళ్ళకి అంటూ పెద్ద గ్లాసు కాఫీ, పంచుకోవడానికి చిట్టి గ్లాసులు అందించింది. సెరఫీనా మొదటి గుక్క తాగింది. నాలుక మీద కాఫీ, చెవుల్లో ఊరు. ఇంతలో ఇన్‌స్పెక్టరమ్మ రొప్పుతూ వచ్చి పక్కన నిలబడింది. ఆమె చూపు ఎడమకాలి మీద ఉంది.

"అమ్మా, మీ పేరు మీద ఇంకో రెండు కుర్చీలున్నాయి. ఒక కాలు కూడా ఉంది."

కిటికీ ముందున్నవాళ్ళు గ్లాసులు దించారు. అందరికీ ఎవరో ఒక మేనల్లుడున్నాడు. అందరూ సెరఫీనా వైపే చూశారు. యోస్వానీ ముఖం పాలిపోయింది. జ్ఞానస్నానం రోజున నీళ్ళు పడగానే వాడు ఇలాగే ముఖం పెట్టాడు. సెరఫీనాకు జాలేసింది. కానీ ఈ కాఫీ చేతికందడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఈ ఊళ్ళో నిజంగా కుర్చీ కావలసినవాళ్ళు ఇంకెంతమంది వరండాల్లో కూర్చుని ఉన్నారో ఆమెకు పేర్లతో సహా తెలుసు.

"ముందొకటి చెప్పండి. ఈ కుర్చీ ఎవరిది?"

"మా రికార్డు ప్రకారం మీదే."

"నన్నెవరూ లేపరుగా?"

"ఎవరూ లేపరు."

సెరఫీనా చిట్టి గ్లాసొకటి నింపి యోస్వానీ చేతిలో పెట్టింది. "తాగు నాయనా. నేను చెబితే చాడీ అవుతుంది. నువ్వు చెబితే ఒప్పుకోలు. మొదట్నించీ చెప్పు. ఆ కాలు సంగతొచ్చినప్పుడు మాత్రం నేను చెబుతాను, ఎందుకంటే దాన్ని తిన్నది నేను."

యోస్వానీ కాలిబాట అంచున కూలబడ్డాడు. కాఫీ తాగాడు. మొదలుపెట్టాడు. వాడు చెప్పేకొద్దీ గుంపులోంచి ఒక్కో చుట్టం మెల్లగా జారుకున్నాడు. కిటికీలో పిల్ల మాత్రం మోచేతులాన్చి చివరిదాకా వింది.

ఇంటిదారిలో ఎవేలియో కుర్చీ పక్కన దాదాపు పరుగు తీస్తున్నాడు.

"కాస్త మెల్లగా పోవే ముసలీ, నాకూ మోకాళ్ళున్నాయి."

"అయితే బీమా వాళ్ళకి ఫోన్ చెయ్యి. నీ కార్డు ఎప్పుడో పోయిందన్నావుగా, నీకూ మూడు వచ్చే ఉంటాయి."

ఎవేలియో టక్కున ఆగిపోయాడు. వంటింట్లో చెంచా ఆగినట్టే ఆగాడు. సెరఫీనా ఆగలేదు. మలుపు తిరిగి, కర్రని ఇంకాస్త ముందుకు నొక్కింది.