మంచం కిందికి వచ్చిన తాబేళ్లు

గంగవాయిలి కూర కాడలు తుంచి వెనక వాకిట్లో బండ మీద పరిచింది ఓదెమ్మ. ఆకుల తడి వాసన తగలగానే రోజూ రాళ్ల సందుల్లోంచి మూడు తలలు బయటికి వచ్చేవి. ఆ రోజు రాలేదు. వంగి సందులోకి చెయ్యి పెట్టి చూసింది. మట్టి చల్లగా తగిలింది. చుట్టూ మోకాలెత్తు పేర్చిన ఇటుకల్లో ఒక్కటి కూడా కదల్లేదు.

ఇంట్లోకి వచ్చి మంచం కింద చూసింది.

మూడూ అక్కడే ఉన్నాయి. మెడలు పూర్తిగా చాచి, పైన నవారు వైపు చూస్తున్నాయి. ఆ మంచం మీద కూతురు శ్రీలత పడుకొని ఉంది. జనగామలో బట్టల దుకాణంలో పనిచేసే పిల్ల. డెంగీతో ఆరు రోజులు దవాఖానలో ఉండి నిన్ననే తల్లి దగ్గరికి వచ్చింది. రాత్రి తల్లీకూతుళ్లు ఒకే మంచం మీద పడుకున్నారు.

ఓదెమ్మ గోడ పట్టుకుని కింద కూర్చుంది.

దంతాలపల్లి పశువుల దవాఖానలో ఆమె పందొమ్మిదేళ్లుగా ఊడుస్తోంది. పేడ ఎత్తుతుంది, సూదులు ఉడకబెడుతుంది, తన్నే గేదె మెడ నిమురుతుంది. తాబేళ్లు ఆ దవాఖానకే ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. పెద్దదాని డిప్ప వెనక భాగం పొలంలో గడ్డికి పెట్టిన మంటలో కాలి, పొర ఊడి తెల్లటి ఎముక తేలింది. రెండోదాని మీదుగా ట్రాక్టరు చక్రం పోయింది. మూడోదాని డిప్ప అంచుకు ఎవరో బెజ్జం చేసి, తాడు కట్టి పెంచుకున్నారు. గాయాలు మానాయి కానీ ఇవి అడవిలో బతకవన్నారు చూసిపోయిన అడవి ఆఫీసు వాళ్లు. ఓదెమ్మ ఇంటికి తెచ్చుకుంది. పాత పళ్ల బ్రష్షుతో పగుళ్లలో మట్టి తీసి, గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టి, ఎండ చూపిస్తుంది. తాడు తెంచి ఏళ్లు గడిచినా మూడోది ఇప్పటికీ మూడు మూరలు నడిచి, ఎవరో వెనక్కి లాగినట్టు ఆగిపోతుంది.

నాలుగేళ్ల కిందట ఒక పొద్దున అవి ఇలాగే ఆమె భర్త ముత్తయ్య మంచం కిందికి వచ్చాయి. ఆమె నవ్వి, ఎత్తి బయట పెట్టింది. సాయంత్రానికి ముత్తయ్య లేడు. నిరుడు పక్కింటి రాధాబాయి ముసలి అత్త తిన్నె మీద కునుకు తీస్తుంటే ఆ తిన్నె కిందికి చేరాయి. తెల్లారి ఆమె కూడా లేదు. ఈ సంగతి ఓదెమ్మ ఎవరికీ చెప్పలేదు. చెబితే వాటిని బతకనివ్వరు.

మూడింటినీ ఎత్తి ఇటుకల మధ్య వదిలింది. రాధాబాయిని కూతురి దగ్గర కూర్చోబెట్టి పనికి పోయింది. పని మధ్యలో చీపురు ఆపి డాక్టరు మహిపాల్‌ను అడిగింది.

"సారూ, తాబేళ్లకు మనుషుల సంగతి ఏమన్న తెలుస్తదా?"

"ఏం సంగతి?"

"గదే... బాగలేనోళ్ల దగ్గరికి వస్తయా అని."

ఆయన ఆవు చెవికి మందు రాస్తూ ఆలోచించాడు. "జరం ఉన్న ఒంటికి వేడి ఎక్కువుంటది. వేడికి వస్తయేమో. ఎందుకడిగినవ్?"

"ఉత్తగనే సారూ."

ముత్తయ్యకు ఆ రోజు జ్వరం లేదు. ఆమె ఇంకో రెండుసార్లు ఊడ్చిన చోటనే ఊడ్చి, సగం పూట సెలవు అడిగి ఇంటికి వచ్చింది.

రాధాబాయి వాకిట్లో నిలబడి ఉంది. "నీ తాబేళ్లు మల్ల లోపటికి వచ్చినయ్ అక్కా. నేను గీడనే కూసున్న, ఎట్ల వచ్చినయో చూడలే" అంది.

ఆమెను పంపించి ఓదెమ్మ లోపలికి వెళ్లింది. ముందు వాకిట్లో రేకుల పందిరి కింద రెండో మంచం వాల్చి, కూతురిని నడిపించుకొచ్చి పడుకోబెట్టింది.

"ఎందుకవ్వా, లోపలనే మంచిగుండె."

"గాలాడుతది బిడ్డా, జర సేపు పండు."

తాను లోపలికి వచ్చి తలుపు పక్కన నిలబడింది. లోపల ఖాళీ మంచం, దాని కింద తాబేళ్లు. బయట కూతురు. నడుమ గడప.

చాలాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత నేల మీద గోళ్లు గీరుకున్న చప్పుడు. కాలినది ముందు, పగిలినది దాని వెనక, తాడుది చివర. మూడూ గడప వైపే నడిచాయి. తాడుది మూడు మూరలు నడిచింది. ఆగలేదు. నాలుగో మూర కూడా దాటింది.

ఎత్తి పారేసినా మళ్లీ వస్తాయని ఓదెమ్మకు అర్థమైంది. కాలినది ముందు కాళ్లు గడప మీద వేసింది. ఆమె వెనక్కి నడిచి, ఖాళీ మంచం మీద కూర్చుంది. మొదటిసారి వాటితో మనుషులతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"గటు కాదు. అది చిన్నది. ఏం చూసిందని? నేను ఈడున్న, గిటు రాండ్రి."

కాలినది గడప మీదనే ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో ఆమెకు తెలియదు. దాని కంటి మీద పొర ఒకసారి మూసుకుని తెరుచుకుంది. కాళ్లు వెనక్కి జరిగాయి. మూడూ మెల్లగా తిరిగి, ఆమె పాదాల పక్కనుంచి మంచం కిందికి వచ్చాయి.

ఓదెమ్మకు నవ్వు వచ్చింది. లేచి ముఖం కడుక్కుంది. పెసరుకట్టు కాచి, అన్నంలో పిసికి కూతురికి ముద్దలు పెట్టింది. పొద్దున రక్తం తీసుకుపోయిన ల్యాబు పిల్లవాడు ఫోన్ చేసి కణాలు పెరిగాయని చెప్పాడు.

"నేను చెప్పిన గద అవ్వా, పరేషాన్ కాకని" అంది శ్రీలత.

"చెప్పినవ్ బిడ్డా."

తర్వాత ఆమె రెండో తాబేలును ఒళ్లో పెట్టుకుని చూసింది. వీపు మీద పగులు అంచున పెచ్చు లేచింది. డాక్టరు నేర్పినట్టే, పైపులు అతికే ఎంసీల్ ముద్దలు రెండూ కలిపి పిసికింది. కొంచెం తీసి పగులులో నింపి, బొటనవేలితో నున్నగా అదిమింది. మిగిలింది కిటికీ మీద పెట్టింది.

"జర నడుము వాలుస్త" అని లోపలికి పోయింది.

నాలుగు గంటలకు శ్రీలత తనంతట తానే లేచి, గోడ పట్టుకోకుండా లోపలికి నడిచి వచ్చింది. తల్లి పక్కకు తిరిగి, ఒక చెయ్యి మంచం కిందికి వేలాడేసి పడుకుని ఉంది. పిలిచింది. భుజం పట్టుకుని కదిపింది. తర్వాత ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, రాధాబాయి వచ్చేదాకా అలాగే కూర్చుంది.

ఊరు వచ్చింది. మహిపాల్ సారు వచ్చి చెప్పులు విడిచి వాకిట్లో నిలబడ్డాడు. మంచం బయటికి తీస్తుంటే దాని కింద ఏమీ లేదు. తాబేళ్లు వెనక వాకిట్లో, కదలని ఇటుకల మధ్య, ఎండిన ఆకులు తింటున్నాయి.

కిటికీ మీద ఎంసీల్ ముద్ద అప్పటికే రాయిలా గట్టిపడింది. దాని మీద నాలుగు వేళ్ల గుంటలు, ఒక బొటనవేలి గీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.