పసుపు పడ్డ కాగితం

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు: తాతయ్య జగన్నాథం, పెద్దనాయన వామన్‌రావు, పెద్దమ్మ రమాబాయి, వాళ్ల కొడుకు వేణు, తద్దినం పెట్టించే అయ్యగారు, భోక్తలిద్దరు, ముత్తైదువుగా పిలిచిన ఎదురింటి సుందరమ్మ. పొద్దున్నే విస్తరాకులు కుట్టడానికి కూర్చున్నప్పుడు పెద్దమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి ఎనిమిది చాలు అంది. నేను తొమ్మిది కుట్టాను. ఆమె తొమ్మిదోది తీసి గూట్లో పెట్టింది. "నువ్వు గిన్నెల మిగిలింది తింటవు కద, నీకెందుకు ఇస్తరాకు?" అంది. కోపంగా అనలేదు. నన్ను లెక్కలో కలపాలని నిజంగానే ఆమెకు తోచలేదు. కోపంగా అని ఉంటే నాకు అంత మండేది కాదు.

తద్దినం మా నాయనమ్మ రుక్మాబాయిది. ముత్తైదువుగా పోయింది. ఆమెకు పుట్టింటివాళ్లు పసుపుకుంకుమల కింద ఇచ్చిన భూమి మా ఊళ్లో ఉంది. ఆ భూమి మీద వచ్చేదంతా చదువులకు ఇవ్వాలని తాతయ్య ఆమె పేరిట ఒక ధర్మనిధి పెట్టాడు. నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. ఏటా ఆమె తద్దినం నాడు భోజనాలయ్యాక మగవాళ్లు దివాన్‌ఖానాలో కూర్చుని, వచ్చిన అర్జీలు చదివి, ఎవరికి ఇవ్వాలో తేలుస్తారు. పట్నం అవతల కన్యాస్త్రీలు నడిపే ఆడపిల్లల బడికి ఒక భాగం పోతుంది. ఆ బడికి ఇస్తే పెద్ద పెద్ద ఆఫీసర్లు పెద్దనాయనను పేరుపెట్టి పలకరిస్తారు. ఇంకో భాగం మద్రాసులో పాదర్లు నడిపే కాలేజీకి. అక్కడ వేణు ఇంటర్మీడియట్ మూడోసారి చదువుతున్నాడు. వాడు తప్పిన ప్రతిసారీ ఆ కాలేజీకి ఒక కొత్త గది లేస్తుందని సుందరమ్మ నా చెవిలో చెప్పి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

తాతయ్య పెట్టిన నియమాలు రెండు. ఇచ్చే కాగితం నాయనమ్మ మాట్లాడిన తెలుగులోనే ఉండాలి. దాని నాలుగు మూలలా ఇంటి ఆడవాళ్ల చేత్తో పసుపు పెట్టాలి. పసుపు పడిన కాగితం ఆమెకు వాయనం ఇచ్చినట్టే, మళ్లీ వెనక్కి తీసుకోకూడదు. పెద్దనాయన వకీలు. కచ్చేరీలో ఉర్దూ, దొరల దగ్గర ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతాడు, చదవడానికి విసుక్కుంటాడు కూడా. అందుకని రెండేళ్లుగా ఆ కాగితాలు నేను రాస్తున్నాను. ఊళ్లో పంతులు నాకు గుండ్రంగా రాయడం నేర్పాడు. రోజూ ఒక పేజీ రాసుకోవడం కూడా ఆయన పెట్టిన అలవాటే.

నన్ను పట్నం తెచ్చింది చదివిస్తామనే. పెద్దనాయన మా ఊరికి వచ్చి, "నీ బిడ్డ నా బిడ్డ కాదార? పట్నంల, హుస్సేనీ ఆలంలనే ఉంచుకొని సదివిపిస్త" అని మా నాయన భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు. అన్న మాట కనుక మా నాయన నమ్మాడు. నేను వచ్చేసరికి పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె కోలుకున్నాక బడి అన్నారు. యుద్ధం వచ్చి స్టవ్వుకు గ్యాస్‌నూనె దొరకడం లేదు కనుక కట్టెలు చీల్చి పొయ్యి మీదే వండాలి, కాబట్టి వచ్చే ఏడు అన్నారు. నీళ్లు తోడుతున్నప్పుడు, రుబ్బుతున్నప్పుడు, తాతయ్య కాళ్లు పిసుకుతున్నప్పుడు నేను ఒకటే ఆలోచించేదాన్ని. మోకాళ్లు ఆమెవి, యుద్ధం దొరలది, బడికి పోనిది మాత్రం నేను. ఆడపిల్లల చదువు కోసం ఇంత చేసే ఇల్లు ఇంకోటి లేదని పేపర్లో వచ్చిందట. ఆ పేపరు ముక్కను పెద్దనాయన అద్దం కట్టించి గోడకు తగిలించాడు. దాని మీద దుమ్ము రోజూ నేనే తుడుస్తాను.

పోయిన ఏడు జరిగింది చెప్పాలి. ఆ బడివాళ్లు దాతల ఇంటి ఆడపిల్ల ఒకతికి బోర్డింగులో ఉచితంగా చోటు ఉంచుతారు. ఇంట్లో ఆడపిల్ల లేకపోతేనే ఇంకొకరి పేరు చెప్పవచ్చు. పెద్దనాయన చెప్పినట్టు నేను రాశాను: మా ఇంట్లో ఆ వయసు ఆడపిల్ల ఎవరూ లేరు, కనుక ఫలానా తాలూక్‌దారు కూతురికి ఇవ్వగలరు. రాసి, పసుపు పెట్టి, పోయి అంట్లు తోముకున్నాను. రెండు రోజుల తర్వాత రోలు కడుగుతుంటే తట్టింది, ఆ లేని పిల్లను నేనేనని. నేను లేనని నా గుండ్రటి అక్షరాలతో నేనే రాసిచ్చాను. అప్పటి నుంచి ఏడాది పాటు ఆ వాక్యం పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

ఈసారి అర్జీతో పాటు బడి నుంచి ఒక సిస్టరే వచ్చింది. పేరు అగ్నేసమ్మ. గుంటూరు వైపు మనిషి, తెల్లబట్టలు, మగవాళ్ల ముందు కుర్చీలో కూర్చునే ఆడమనిషి. జట్కా గల్లీలో ఆపుకుని వచ్చింది. సోమవారం బడి తెరుస్తారు కనుక ఆ చోటు ఎవరిదైతే ఆ పిల్లను ఇవాళే తీసుకుపోతానంది. నేను మంచినీళ్లు తెచ్చాను. ఆమె తాగాక ఆ ఇత్తడి గ్లాసును వట్టి చేత్తో ముట్టుకోకుండా చింతపండుతో ఎలా తోమాలో, ఎక్కడ బోర్లించాలో పెద్దమ్మ ముందే మూడుసార్లు చెప్పింది. సిస్టరుకు అది తెలుసేమో, గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తిపోసుకుని తాగింది.

"నీ పేరేమిటమ్మా? ఎంతవరకు చదివావు?" అని నన్ను అడిగింది.

నోరు పెగిలేలోగా పెద్దనాయన జవాబిచ్చాడు. "మా తమ్ముని బిడ్డ. ఇంటిపని సూస్తది. ఊర్ల ఏదో నాలుగచ్చరాలు నేర్చింది."

తరవాత ఈ డబ్బుతో బడిలో కట్టే కొత్త హాలుకు పెట్టే రాతిపలక మీద ఎవరి పేరు చెక్కాలన్న మాట వచ్చింది. అర్జీలో రుక్మాబాయి అని ఉంది. దాని కింద తన పేరు కూడా, కొంచెం పెద్దగా ఉంటే బాగుంటుందని పెద్దనాయన అన్నాడు. సిస్టరు నవ్వింది. ఆయన నావైపు తిరక్కుండానే రాయమన్నాడు.

"పోయినేడు లెక్కనే. మా ఇంట్ల ఆ వయసు ఆడపిల్ల ఎవరు లేరు. ఆ జాగ జడ్జిసాబ్ మేనకోడలికి ఇయ్యాలె. పిల్లను వాళ్లే రేపు పంపిస్తరు. రాసినవా?"

నేను కింద చాప మీద కూర్చుని ఉన్నాను. 'మా ఇంట్లో ఆ వయసు ఆడపిల్ల' వరకు రాశాను. పెద్దనాయన అప్పటికే జడ్జిగారి గురించి చెప్పుకుపోతున్నాడు. నాకు ధైర్యం లేదు, ఎప్పుడూ లేదు. అంగట్లో గాజులమ్మే మనిషి అడిగినా తలెత్తి చెప్పలేను, లాడ్ బజార్‌లో నా గాజుల సైజు పెద్దమ్మే చెబుతుంది. కానీ ఓపిక కూడా ఎక్కడో తెగే దాకానే ఉంటుంది. మళ్లీ ఒక ఏడాది ఆ రాయి నమలడం నా వల్ల కాదనిపించింది. 'ఒకతి ఉన్నది. పేరు గోదా. నరసింగరావు కూతురు. రుక్మాబాయి మనవరాలు. ఆ చోటు ఈమెకు ఇవ్వగలరు' అని రాశాను. ఒక్క అక్షరం వంకర పోలేదు.

పెద్దనాయన మాట ఆపకుండా కింద ఉర్దూలో సంతకం చేశాడు. నేను లోపలికి పోయి పసుపు తడిపి నాలుగు మూలలా పెట్టాను. తాతయ్య ఆ కాగితం కళ్లకద్దుకుని సిస్టరు చేతికిచ్చాడు. ఆమె చదువుకుంది. నా వైపు చూసింది. మళ్లీ చదివింది, ఈసారి పైకి.

వేణు చేతిలో తాంబూలం అట్లాగే ఉంది.

"ఆ కాయితం ఇటియ్యిండ్రి," అన్నాడు పెద్దనాయన.

"పసుపు పడ్డది," అన్నాడు తాతయ్య.

"బాపూ, పోరి మోసం జేసింది. నేను చెప్పింది ఒకటి, అది రాసింది ఒకటి."

"ఏమని రాసింది?" తాతయ్యకు సరిగ్గా వినపడదు. సిస్టరు ఆయన చెవి దగ్గర మళ్లీ చదివింది. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. రెండేళ్లు కాళ్లు పిసికినా ఆయన నన్ను పిల్లా అని తప్ప పిలవలేదు. నా పేరు అప్పుడే తెలిసినట్టుంది.

"ఉన్నది కద మరి," అన్నాడు. "పసుపు పడ్డ కాయితం రుక్మదయింది. ఆమె చేతిలకెల్లి గుంజుకుంటవా, తద్దినం పూట?"

అది నా మీద ప్రేమ కాదు. వేరే ఎవరి పేరున్నా ఆయన ఆ మాటే అనేవాడు. నాకు ఆ పూటకు అదే చాలనిపించింది.

పెద్దనాయన లేచి నిలబడ్డాడు. జడ్జిసాబ్‌కు మొహం ఎట్ల చూపెట్టాలె అన్నాడు. ఇల్లు ఎవరు ఊడుస్తరు, రేపటి వంట ఎవరు చేస్తరు అన్నాడు. చివరికి లోపలి గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మ వైపు చూసి, "ఏందే, నువ్వన్న చెప్పు దానికి. ఎత్తుకపొయ్యి లోపటెయ్యి," అన్నాడు. మా నాయనకు తనే ఉత్తరం రాస్తానని మెల్లగా చెప్పి, సిస్టరు వాకిట్లోకి దిగి నిలబడింది.

పెద్దమ్మ గోడ పట్టుకుని లోపలికి పోయింది. ఆమె పిలిచేలోగా నేను దివాన్‌ఖానాలోని ఇత్తడి గ్లాసు తీసుకుని వాకిట్లోకి దిగాను, తోమాలి కదా. ఆమె తిరిగి వచ్చేసరికి చేతిలో నా బట్టల మూట, దాని మీద నేను రాసుకునే పుస్తకం. గూట్లో పెట్టిన తొమ్మిదో విస్తరాకులో గారెలు కట్టి ఉన్నాయి. అన్నీ మెట్టు మీద పెట్టింది.

"రేపటికి పప్పు నానబోసినవా?"

"పోసిన పెద్దమ్మా."

"రుబ్బుకుంట నేనే."

"నీ మోకాళ్లు..."

"నా మోకాళ్ల ఫికర్ నీకెందుకు? మా ఊర్ల గూడ బడి ఉండె. నన్నెవరు అడిగిండ్రు?" అంది. గొంతులో ఎప్పుడూ ఉండే చిరాకే. నా చేతిలోని గ్లాసు లాక్కుంది, సిస్టరు తాగిన గ్లాసును వట్టి చేత్తో.

నేను అలవాటు కొద్దీ లోపలికి ఒక అడుగు వేశాను. పెద్దమ్మ నా మొహం మీదే తలుపు వేసి, లోపల గడియ పెట్టుకుంది.