రెండు పిడుల పెట్టె

ఆషాఢారంభమున నూతనజలధరములు తూర్పుకనుమల శిఖరములను కప్పి తొలకరిచినుకులకు తడిసిన నేల కమ్మని తావిని వెదజల్లుచుండగా నాగావళీతీరమునందలి యొక పాఠశాలలో హైమవతి శిశుతరగతి తలుపులు తెరచెను.

ఆమె పెనిమిటియు నచటి చిత్రలేఖనోపాధ్యాయుడును నగు పరాంకుశము, పిల్లలు వరుసబల్లలపై నొకరి వీపు నొకరు చూచుచు కూర్చుండుట నొల్లక, ఎదురెదురుగ కూర్చుండదగు గుండ్రని పొట్టిబల్లలను, ఇద్దరు పట్టినగాని లేవని కొయ్యదిమ్మెల పెట్టెను చేయించి, గది సిద్ధము కాకమునుపే గతమాఘమున జ్వరపీడితుడై పరలోకగతుడయ్యెను. నాటనుండి యామె తన దుఃఖమును మాటలలో పెట్టక మిగిలిన పనిలో పెట్టెను.

పాఠశాలాధికారి భుజంగరాయడు గుమ్మమున నిలిచి "అమ్మా, నేడొక్కదినము చూచెదను. పిల్లలు కలహించిరేని రేపు పాతబల్లలే వచ్చును" అనెను.

పిల్లలు వచ్చిరి. వచ్చుటతోడనే ముత్యాలనెడు బాలికయు అప్పన్నయను బాలుడును పెట్టె చెరియొక పిడిని పట్టి యెవరివైపునకు వారు లాగదొడగిరి.

"విడువుము! నేను ముందు వచ్చితిని."

"వచ్చిన నేమి? నీ బలమునకు గుమ్మడికాయయైన కదలదు!" అని అప్పన్న వెక్కిరించెను.

అధికారి నవ్వెను. "చూచితిరా? చెరియొక చిన్నపెట్టె యిచ్చిన తగవే యుండదు గదా!"

హైమవతి పాదము ముందునకు సాగి యాగెను. పంతులమ్మ చేయి పడినచోట పిల్లల చేయి వెనుదీయునని పరాంకుశము పలుమారు చెప్పెడివాడు. ఆమె కొంగు బిగించుకొని నిలిచెను.

ముత్యాలు కందిన యరచేతిని ఊదుకొని "ఓరీ, లాగకుము. ఎత్తుము" అనెను.

పెట్టె లేచెను. వంకరగా నూగెను. అప్పన్న కాలిబొటనవ్రేలిని తాకెను. వాడు కుంటుచు నవ్వుచు పిడి మాత్రము విడువలేదు. ఎవరును చెప్పకయే వేరొక పిల్ల త్రోవనున్న పీటను తొలగించెను. మధ్యాహ్నమునకు గుండ్రనిబల్లపై కొయ్యదిమ్మెలతో నాగావళికి వంతెన వెలసెను.

"పాతబల్లలను కొట్టుగదిలోనే యుండనిండు" అని భుజంగరాయడు వెడలిపోయెను.

సాయంకాలమున పిల్లలందరు పోయినపిదప హైమవతి పెట్టెను యథాస్థానమునకు చేర్చ వంగెను. మాఘము మొదలు దాని నొంటిగ నీడ్చుటచే నేలపై పడిన గీతలు దీపపువెలుగున తెల్లగా కనబడుచుండెను. రెండవ పిడిని పట్టువారు లేరు.

మరచిన గొడుగుకై మరలివచ్చిన ముత్యాలు చూచి, గొడుగు విడిచి పరుగున వచ్చి యా పిడిని పట్టెను.

"పంతులమ్మగారూ, ఈడ్వకుడు. ఎత్తుడు."

హైమవతి తనవైపు పిడిని పట్టెను. పిమ్మట నెత్తెను. ఆ పెట్టె నేలను గీయక లేచెను.