కారం అంటిన పుస్తకం

మాఘమాసం వచ్చిందంటే ఆ ఊళ్ళో గాలి కూడా మిరపకాయ వాసన వేస్తుంది. గుండ్లకమ్మ ఏటి వైపు నుంచి వీచే గాలి కల్లాల మీదుగా వీధుల్లోకి వస్తుంది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు ఉక్కిరిబిక్కిరైపోతారు. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు మాత్రం ఒకసారి తుమ్మి, ముక్కు తుడుచుకుని, ఎవరి పనిలో వాళ్ళు పడిపోతారు. అలవాటైన ఘాటు ఘాటులా అనిపించదు. ఈ కథ ఆ అలవాటు గురించే.

సుబ్బరావమ్మకు అరవై దాటాయి. ఎనిమిదెకరాల మిరప తోట ఉన్న ఇంటి పెద్ద. రోజూ సాయంత్రం కాళ్ళూ చేతులూ కడుక్కుని దేవుడి దగ్గర దీపం పెట్టి, పారాయణ పుస్తకం తీసి కళ్ళకద్దుకుని, రెండు పేజీలు చదువుకుంటేగాని అన్నం ముట్టదు. చదివింది అయిదో తరగతే. అందుకే అక్షరాన్ని దేవుడితో సమానంగా చూస్తుంది. పుస్తకం కింద పెట్టకూడదని, పొరపాటున కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలని మనవరాలు తేజశ్రీకి మాటలు వచ్చినప్పటి నుంచీ చెబుతూ వచ్చింది.

ఆ రోజు ఏడో తరగతి చదువుతున్న తేజశ్రీ బడి నుంచి వచ్చి సంచి అరుగు మీద పెట్టబోయింది. సంచి జారింది. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం కింద పడింది, దాని మీద పిల్ల కాలు పడింది. తేజశ్రీ నాలుక కరుచుకుని వంగి, తెరుచుకున్న పుస్తకాన్ని తెరుచుకున్నట్టే తీసి రెండు కళ్ళకూ గట్టిగా అద్దుకుంది. మరుక్షణం కెవ్వుమంది.

సుబ్బరావమ్మ పరుగెత్తుకొచ్చి చెంబుడు నీళ్ళతో పిల్ల కళ్ళు కడిగింది. తర్వాత చన్నీళ్ళలో తడిపిన గుడ్డ వేసి పడుకోబెట్టింది. మంట తగ్గడానికి గంట పట్టింది. అప్పుడు పుస్తకం తీసి వాసన చూసింది. కారం. పేజీల మడతల్లో సన్నటి ఎర్రటి దుమ్ము. అంచుల మీద వేలిముద్రలు, ఒక్కో పేజీకి ఒకటి, తిప్పిన చోటల్లా.

కారం చేత్తో పుస్తకం ముట్టుకున్న మనిషెవరో, ఏ ఇంటి పెంపకమో అడగాలనుకుంది సుబ్బరావమ్మ. మర్నాడు పుస్తకం కొత్త గుడ్డలో చుట్టుకుని బడికి వెళ్ళింది.

లైబ్రరీ చూసుకునేది తెలుగు మాస్టారు జయరావు. అమ్మగారికి కుర్చీ వేసి, ఆమె చెప్పిందంతా ఓపికగా విన్నాడు.

"చేతులు కడుక్కుని పట్టుకోమని పిల్లలకు చెప్పరాండి మాస్టారూ? సరస్వతీదేవికి కారం పూస్తారా ఎవరన్నా?" అంది సుబ్బరావమ్మ.

జయరావు రిజిస్టరు తిప్పాడు. తేజశ్రీ పేరుకు పై వరసలో ఉన్న పేరు స్తుతి. పున్నమ్మ కూతురు. తేజశ్రీ తరగతే.

"ఒకసారి పిలవండి ఆ పిల్లని. కోప్పడనులెండి. మంచి మాట చెప్పి పోతాను."

"పిలవడానికి లేదమ్మా. బడికొచ్చి ఇరవై రోజులైంది. మిరప కోతకు పోతోంది. పుస్తకం కోసం మిగతా పిల్లలు అడుగుతుంటే మొన్న నేనే కబురు పెట్టి తెప్పించాను."

ఈ ఒక్క కోతకే అనుకుని వెళ్ళిన ఆడపిల్లలు మళ్ళీ బడి మెట్లెక్కింది తన సర్వీసులో చాలా తక్కువని ఆయన చెప్పుకొచ్చాడు. ఒక కోత అయ్యాక ఇంకో కోత ఉంటుంది. ఆ తర్వాత పత్తి ఉంటుంది. ఈలోపు పాఠాలు దాటిపోతాయి, పిల్లకు సిగ్గు పట్టుకుంటుంది, పేరు రిజిస్టరులోనే మిగిలిపోతుంది. స్తుతి అక్క విషయంలో అదే జరిగింది. వార్షిక పరీక్షలకు ఇంకెన్నో రోజులు లేవు. ఇప్పుడు రాకపోతే ఈ పిల్లా రాదు.

సుబ్బరావమ్మకు నిజంగానే కష్టమనిపించింది. "చదువుకునే పిల్లని చేలో దింపడమేంటండీ? కన్నతల్లికి జ్ఞానం లేకపోతే లేదు, ఆ రైతుకన్నా ఉండొద్దూ?" అంది.

జయరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెప్పాలా వద్దా అని తటపటాయించినట్టు కనిపించాడు.

"పున్నమ్మ కూలీల ముఠా ఈ నెలంతా ఎవరి చేలో కోస్తోందో మీకు తెలీదా అమ్మా?" అన్నాడు మెల్లగా.

తెలుసు. తన చేలో కోసే ఆ ముఠాకి రోజూ మధ్యాహ్నం మజ్జిగ క్యాను పంపేది తనే. మజ్జిగలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా రుచి చూసి పంపుతుంది. తాగేవాళ్ళెవరో మాత్రం ఎన్నడూ చూడలేదు.

మన మిరప చేలల్లో కోత కిలోల లెక్కన సాగుతుంది. సాయంత్రం కాటా వేసేది కాయని, మనిషిని కాదు. కూతురు కోసిన కాయ తల్లి గోతంలోనే పడుతుంది. కాబట్టి ఆ చేలో పిల్ల ఉన్నట్టు ఏ కాగితం మీదా ఉండదు. రైతు పిల్లని పిలవలేదంటాడు, అది నిజమే. తల్లి తోడుగా తెచ్చుకున్నానంటుంది, అదీ నిజమే. ఇన్ని నిజాల మధ్య ఒక పిల్ల బడి పోతుంది.

సుబ్బరావమ్మ ఇంటికి పోలేదు. మోకాళ్ళు నొప్పెడుతున్నా కాలవ గట్టు వెంబడి చేలోకి నడిచింది. ఎర్రగా పండిన తోటలో పదిహేను మంది ఆడవాళ్ళు చీరల మీద మగవాళ్ళ చొక్కాలు తొడుక్కుని, తలకు తువ్వాళ్ళు చుట్టుకుని, సాలుకొకరుగా కోసుకుపోతున్నారు. పున్నమ్మ పక్క సాల్లో ఒక చొక్కా మోకాళ్ళ దాకా వేలాడుతోంది. లోపల పిల్ల ఉంది. వేళ్ళకు పాత గుడ్డ పీలికలు చుట్టుకుంది.

అమ్మగారి చేతిలోని పుస్తకం చూడగానే స్తుతికి సంగతి అర్థమైంది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"కడుక్కునే చదివానండి. సబ్బు పెట్టి కడుక్కున్నానండి. ఎంత కడిగినా పోదండి."

పిల్లే మళ్ళీ అంది. అన్నం వేళ టార్పాలిన్ పట్టా నీడలో కూర్చుని చదివేదట. పేజీలకు అంటకుండా వేళ్ళకు కవరు కూడా చుట్టుకుందట. చెమటకి జారిపోయిందట. ఇంకా పది పేజీలుండగా మాస్టారు పుస్తకం తెమ్మన్నారు.

"తేజశ్రీ చదివేసిందాండి? ఆ పిల్ల ఏరు దాటిందాండి?"

అది ఒక పల్లె పిల్ల కథ. బడి ఏటికి అవతల ఉంటుంది. రోజూ పడవ మీద వెళ్ళి చదువుకుని పెద్దవుతూ ఉంటుంది. పరీక్ష రోజున ఏటికి వరద వస్తుంది, పడవవాడు రానంటాడు. సరిగ్గా అక్కడ స్తుతి చేతిలోంచి పుస్తకం వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ ఆ పిల్ల సాళ్ళ మధ్య వంగి కాయ కోస్తూ ఆ వరద దగ్గరే నిలబడి ఉంది.

సుబ్బరావమ్మ పున్నమ్మ వైపు తిరిగి, పిల్లని ఎందుకు తెచ్చావని అడిగింది. ఆ మాటలో పొద్దున్నటి పౌరుషం లేదు.

"సరదాకి తెచ్చుకున్నానా అమ్మగారూ? మా ఆయన గోదాములో బస్తా మీద పడి క్రిస్మస్ నుంచి మంచం దిగట్లేదు. ఇంటికి ఇద్దరన్నా రావాలి, లేకపోతే వేరే ముఠాని దింపుతానన్నాడు యలమంద బాబు. ఆ రెండో మనిషిని నేనెక్కడ తెచ్చేది?"

అప్పటికి సుబ్బరావమ్మ కొడుకు యలమంద బండి మీద వచ్చి గట్టున ఆగాడు. తల్లిని చేలో చూసి ఆశ్చర్యపోయాడు. విషయం విని చిరాకుపడ్డాడు. అతను చెడ్డవాడు కాడు. పండిన కాయ చెట్టు మీదుంటే రంగు తప్పి తాలవుతుందని, పక్క ఊళ్ళ రైతులు కూలీలను ఆటోల్లో ఎత్తుకుపోతున్నారని, ఏడాది కష్టం ఈ పదిహేను రోజుల్లో తేలిపోతుందని చెప్పాడు. అన్నీ ఉన్నమాటలే.

"అందరి చేలల్లో ఇదేనమ్మా. మనమొక్కళ్ళం మానేస్తే లోకం మారుద్దా?"

"అందరి సంగతి నాకు తెలీదురా. నేను పంపిన మజ్జిగ ఈ పిల్ల తాగింది. బడి ఎందుకు మానావే అని నేను అడగలేదు."

ఆమెకు యాభై ఏళ్ళ కిందటి పొగాకు ఆరబెట్టే బ్యారను గుర్తొచ్చింది. ఈ ఒక్క సీజనుకే అని తండ్రి పొగాకు గుచ్చడానికి తీసుకెళ్ళిన రోజు, ఆమె పలక చూరులో దోపి వెళ్ళింది, తిరిగొచ్చి తీసుకుందామని. ఆ పలక ఏమైందో ఇప్పటికీ తెలియదు. ఇన్నేళ్ళూ చదువు ఆగిపోవడం తన రాత అనుకుంది. దేవుడు రాసిన రాతేనా, లేక పెద్దవాళ్ళు చేసిన పనికి దేవుడి పేరు పెట్టుకున్నామా అన్న సందేహం మొదటిసారి ఆ చేలో నిలబడి ఉండగా కలిగింది.

"ఇంటికిద్దరన్న మాట తీసెయ్. పున్నమ్మ ఒక్కతే వచ్చినా ఈ ముఠాయే కోస్తుంది. ఈ పిల్ల సాలు నేను కోస్తాను," అని కొంగు నడుముకి దోపుకుంది.

పున్నమ్మ వద్దంది. యలమంద పరువు పోతుందన్నాడు. పక్క చేలోంచి బుల్లయ్య గట్టు మీదకొచ్చి, "ఏం వదినా, కూలికొచ్చావా? రేపు మా చేలోకి రా, కాఫీ కూడా ఇప్పిస్తా" అని వేళాకోళమాడాడు. ఆడవాళ్ళు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. సుబ్బరావమ్మ కూడా కాస్త నవ్వి, కోత ఆపలేదు. మధ్యాహ్నానికి నడుము పట్టేసింది. సగం సాలు కూడా కాలేదు. మిగిలింది యలమంద వచ్చి కోశాడు.

సాయంత్రం ఆమె సబ్బుతో నాలుగుసార్లు చేతులు కడుక్కుంది. కొబ్బరినూనె రాసుకుంది. గోళ్ళ చుట్టూ మంట తగ్గలేదు. దీపం పెట్టి పారాయణ పుస్తకం తీసుకుని, అలవాటు ప్రకారం కళ్ళకద్దుకోబోయి ఆగిపోయింది. తన చేతుల కేసి చూసుకుంది. ఎంత కడిగినా పోదండి అన్న మాట చెవిలో పడ్డట్టయింది. పుస్తకాన్ని అలాగే తిరిగి పెట్టేసింది. ఆ రోజు పారాయణ లేదు.

తేజశ్రీ చేలో జరిగింది విని, ఆ పుస్తకం చివరిదాకా చదివేసి, పక్కన కూర్చుని, "ఏరు దాటిందో లేదో స్తుతికి నేను చెప్పనా నాయనమ్మా?" అంది.

"చెప్పమాక. అదే చదువుకుంటుంది."

యలమంద ఆ మాట తీసేశాడు. కోత మూడు రోజులు ఆలస్యమైంది. తాలుకాయ నిరుటి కన్నా ఎక్కువే పడింది. బుల్లయ్య చేలో ఇద్దరు ఆడపిల్లలు ఆ వారం కూడా కోస్తూనే ఉన్నారు. సుబ్బరావమ్మ వెళ్ళి చెబితే, చూద్దాంలే వదినా అన్నాడు. ఒక్క పిల్ల కోసం ఊరంతా మారిందని చెబితే అది అబద్ధమవుతుంది.

కానీ సోమవారం స్తుతి బడికొచ్చింది. సుబ్బరావమ్మ ఆ పుస్తకం ప్రతి పేజీనీ మెత్తటి గుడ్డతో తుడిచి, కొత్త అట్ట వేసి తీసుకెళ్ళింది. వేలిముద్రలు పోలేదు. జయరావు దాన్ని స్తుతి చేతికిచ్చాడు. పిల్ల అందుకుని, తరగతిలో అందరూ చేసేట్టే కళ్ళకద్దుకోబోయి, తన అరచేతులు చూసుకుని ఆగింది.

సుబ్బరావమ్మ ముందుకు వంగింది. పిల్ల చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, వేళ్ళతో సహా తన కళ్ళకు అద్దుకుంది. కళ్ళు మండాయి. నీళ్ళొచ్చాయి. ఆమె తుడుచుకోలేదు.

స్తుతి సిగ్గుపడి, వెళ్ళి వరండాలో కూర్చుని, వదిలేసిన పేజీ వెతుక్కుంది.

"పుస్తకానికి కాలు తగిలితే పాపమని నా మనవరాలికి నేర్పాను మాస్టారూ," అంది సుబ్బరావమ్మ. "పిల్ల చేతిలోంచి పుస్తకం జారిపోతే ఆ పాపం పెద్దవాళ్ళదని ముందు నేను నేర్చుకోవలసింది."