పోర్టుల్లో రెండో పేరు

“బండి లైటు. చార్జింగ్‌కు పెట్టిన, ముట్టకు,” అని చెప్పి భర్త కిషన్‌లాల్ స్నానానికి పోయాడు. రొట్టెల పిండి చేతులు కడుక్కొని వచ్చిన చాందికి తన ల్యాప్‌టాప్‌కు తగిలించి ఉన్న అగ్గిపెట్టెంత నల్లటి డబ్బా కనిపించింది.

దమ్మపేట చుట్టూ ఉన్న పామాయిల్ తోటల్లో నేల తేమ చెప్పే పరికరాలు బిగించడం ఆమె ఉద్యోగం. బయలుదేరే ముందు పరికరాన్ని ల్యాప్‌టాప్‌కు తగిలించి చూసుకోవాలి. అది ఏ పోర్టులో ఉందో ప్రతిసారీ వెతకలేక, సమాచారం పంపే పరికరాలు తగిలిన చోట్లను, అంటే సీరియల్ పోర్టులన్నిటినీ, పేర్లతో చూపించే చిన్న పైథాన్ ప్రోగ్రాం రాసుకుంది. రోజూ ఒకే పేరు వచ్చేది. ఇవాళ రెండు వచ్చాయి. రెండోదాని పక్కన జీపీఎస్ అని ఉంది.

ఉత్త లైటయితే ఈ జాబితాలోకి రాదు. కంప్యూటర్‌కు సమాచారం పంపగలిగేదే వస్తుంది.

పొయ్యి మీద రొట్టె మాడుతున్నా చాంది కదల్లేదు. కొన్నాళ్లుగా కిషన్‌లాల్, కల్లూరులో అంతసేపు ఎందుకు ఆగావనీ, పెనుబల్లి టీకొట్టు దగ్గర ఎవరున్నారనీ అడుగుతున్నాడు. తనతో పనిచేసే సతీషే కబుర్లు మోస్తున్నాడనుకొని అతనితో మాటలు మానేసింది. దాచేది ఉంటేనే అడిగినప్పుడు కోపం వస్తుందని అత్త సక్రి దెప్పింది. దారిలో ఎక్కడ ఆగినా సంజాయిషీ చెప్పుకోవాలని, మూత్రం కూడా బిగబట్టుకొని ఇల్లు చేరిన రోజులున్నాయి. తప్పు చేసినదానిలా తన మీద తనకే అనుమానం వచ్చేది.

కిషన్‌లాల్ వచ్చి డబ్బా తీసుకొని ఆమె స్కూటీ దగ్గర కాసేపు వంగి, డ్యూటీకి పోయాడు. అత్త చేనుకు పోయింది. చాంది స్కూటీని వాకిట్లోనే వదిలి దమ్మపేట బస్సెక్కింది.

మధ్యాహ్నం తోటలో ఉండగా కిషన్‌లాల్ ఫోన్ చేశాడు.

“ఇంట్లనే ఉన్నవేంది? డ్యూటీకి పోలేదా?”

“ఇంట్ల ఉన్ననని ఎవరు చెప్పిండ్రు?”

“అమ్మ చెప్పింది.”

“అమ్మ పొద్దుగాల్నే చేనుకు పోయింది.”

అడవి దారి కదా, నీ మంచికే పెట్టిన అని అతను నసిగాడు. ఏం పెట్టావని ఆమె అడగలేదు.

“ఇంట్ల ఉన్నది బండి. నేను గాదు.”

సాయంత్రం ఇంటికి పోయే పెనుబల్లి బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ పిలిచినా చాంది ఎక్కలేదు. సతీష్‌కు ఫోన్ చేసి, అతన్ని అనుమానించిన తప్పు తనదేనని చెప్పి, దమ్మపేటలో ఒక్క మనిషికి కిరాయి గది దొరుకుతుందా అని అడిగింది.